ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ వేడెక్కుతోంది, కదిలితే తగ్గుతోంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది

పాతబండి_11:
అందరికీ నమస్కారం. పెట్రోల్ కారు, పదకొండేళ్లది, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల నుంచి ఒకటే బాధ. రోడ్డు ఖాళీగా ఉండి 60, 70లో పోతుంటే టెంపరేచర్ ముల్లు సగం దగ్గర కదలకుండా ఉంటుంది, అదే ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగానంటే మెల్లగా పైకి ఎక్కడం మొదలు, ఏసీ వేసి ఉంటే ఇంకా తొందరగా, అప్పుడు ఏసీలోంచి కూడా చల్లదనం పోయి ఉత్త గాలి వస్తుంది. మళ్లీ బండి కదిలితే రెండు మూడు నిమిషాల్లో ముల్లు కిందికి దిగిపోతుంది.

ఇప్పటిదాకా కూలెంట్ మొత్తం మార్పించా, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) మార్పించా, రేడియేటర్ మూత కూడా కొత్తది. ఏ మార్పూ లేదు. ఇప్పుడు మెకానిక్ రేడియేటర్ మార్చేద్దాం అంటున్నాడు, లేదంటే థర్మోస్టాట్ తీసేసి నడుపుకోండి అంటున్నాడు. ఫ్యాన్ తిరగడం నేను బానెట్ ఎత్తి కళ్లారా చూశా, అందుకే దాని మీదికి అనుమానం పోలేదు. పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరాలంటే భయంగా ఉంది. ఏది ముందు చూడాలో ఏది తర్వాత చూడాలో చెప్పండి, మల్టీమీటర్ ఉంది, వాడటం కొంచెం వచ్చు.

గ్రీజుచేతులు:
ఇంకేమీ మార్చకండి అండి, ఆగండి. ఎప్పుడు వేడెక్కుతోందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. బండి వేగంగా పోతున్నప్పుడు రేడియేటర్‌కి గాలి దానంతటదే తగులుతుంది, ఆగినప్పుడు ఆ గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే. రేడియేటర్ లోపల పూడుకుపోయినా వాటర్ పంప్ రెక్కలు అరిగినా ముందు తెలిసేది స్పీడులో, ఘాట్ ఎక్కేటప్పుడు, లోడు మీద. థర్మోస్టాట్ మూసుకుపోతే ఎక్కడైనా వేడెక్కుతుంది, పై హోస్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కింది హోస్ చల్లగా ఉంటుంది. మీది ఈ రెండూ కాదు. ఆగితేనే వేడి అంటే గాలి చాలట్లేదనే.

ఫ్యాన్ తిరగడం వేరు, కావలసినంత గాలి లాగడం వేరు. చాలా బండ్లకి ఫ్యాన్ రెండు స్పీడుల్లో తిరుగుతుంది, పెద్ద స్పీడు పడకపోతే పైకి చూడటానికి అంతా బాగానే కనిపిస్తుంది. ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసి, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ముందు గ్రిల్ వైపు నుంచి ఒక తెల్ల కాగితం కండెన్సర్ (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ) మీద ఆనించి వదలండి. అతుక్కుని నిలబడిపోవాలి. జారిపోతే గాలి తక్కువ, ఎదురు కొట్టి ఎగిరిపోతే ఎవరో మోటార్ మార్చినప్పుడు వైర్లు తారుమారు చేసి ఫ్యాన్ వెనక్కి తిరుగుతోందని అర్థం. అది కూడా నేను రెండు బండ్లలో చూశా.

పనిలో పనిగా టార్చి వేసి కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు చూడండి, దుమ్మూ ఎండుటాకులూ అక్కడ పరుపులా పేరుకుంటాయి, ముందు నుంచి చూస్తే కనపడవు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం విరిగిపోయి ఉంటే కూడా ఫ్యాన్ పక్కల నుంచి గాలి లాక్కుంటుంది, రేడియేటర్ గుండా లాగదు. చేతులు జాగ్రత్త, ఇంజిన్ ఆపేశాక కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది.

హైవేడ్రైవర్:
థర్మోస్టాట్ తీసేసే పని మాత్రం చేయొద్దు ప్లీజ్. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది, ఆయిల్ పలచబడుతుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాటే బైపాస్ దారిని కూడా మూస్తుంది, దాన్ని తీసేస్తే వేడి నీళ్లు రేడియేటర్ దాకా పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతాయి, అంటే ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

ఇంకోటి, ముల్లు పైన ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పొద్దు. లోపల బయటి గాలి కంటే సుమారు 1 బార్ ఎక్కువ ప్రెజర్ ఉంటుంది, ఆ ప్రెజర్‌లో మామూలు నీళ్లయినా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు, మూత తీయగానే ప్రెజర్ పోయి ఒక్కసారి మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. దారిలో ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, పక్కకి ఆపండి.

వైరింగ్_పనోడు:
బ్రదర్, కాగితం జారిపోతే నా అనుమానం కప్లర్ (ఫ్యాన్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు) మీద. ఫ్యాన్ కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, అది నమ్మకండి. ఒక్క రాగి పోగు మిగిలినా మీటర్ అంతే చూపిస్తుంది, లోడ్ పడగానే అది నిలవదు. కప్లర్ తగిలించే ఉంచి, ఫ్యాన్ తిరుగుతుండగా వెనకవైపు నుంచి సన్న పిన్నులు దూర్చి కొలవండి. ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర ఎంత ఉందో అక్కడ దాదాపు అంతే రావాలి, అర వోల్టు తేడా వరకు పర్లేదు. ఎక్కువ తేడా వస్తే ఎక్కడ పోతోందో విడదీయండి, బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యాన్ ప్లస్ పిన్ను దాకా ఒక కొలత, ఫ్యాన్ ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఇంకో కొలత. ఏది పెద్దదో లోపం ఆ వైపు.

తర్వాత ఫ్యూజు పెట్టిన మందపాటి వైరుతో మోటార్‌కి బ్యాటరీ నుంచి డైరెక్టుగా ఇవ్వండి. హోరుమని తిరిగితే మోటార్ మంచిదే. అప్పుడు కూడా నీరసంగా తిరిగితే కార్బన్ బ్రష్షులు అరిగినట్టు.

పెద్ద స్పీడు అసలు పడట్లేదని తేలితే ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్ లాంటిది) తీసి పక్కన ఉన్న అదే రకం రిలేతో మార్చి చూడండి. టెంపరేచర్ సెన్సర్ ప్లగ్గు పీకితే చాలా బండ్లలో కంప్యూటర్ జాగ్రత్తకి ఫ్యాన్‌ని ఫుల్ స్పీడులో తిప్పుతుంది, చెక్ లైట్ వస్తుంది గానీ కంగారు పడొద్దు. సెన్సర్‌ని ఓమ్‌లలో కొలిస్తే చల్లగా 20 డిగ్రీల దగ్గర మామూలుగా రెండు మూడు వేలు, 90 దగ్గర రెండు మూడు వందలు ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ తగ్గాలి.

పాతబండి_11:
ఈరోజు చేశానండి. కాగితం పెట్టగానే జారి కింద పడిపోయింది, అక్కడే విషయం అర్థమైంది. సందులో దుమ్ము కొంచెం ఉంది, కడిగేశా. బ్యాటరీ దగ్గర 14.1, కప్లర్ దగ్గర 9.6 మాత్రమే వచ్చింది. ప్లస్ వైపు 0.3 తేడా, ఎర్త్ వైపు 4.2! డైరెక్టుగా ఇస్తే మోటార్ హోరుమంది, ఇన్ని రోజుల్లో ఆ చప్పుడే వినలేదు నేను.

ఇంజిన్ ఆపి చల్లారాక కప్లర్ విప్పి చూస్తే ఎర్త్ పిన్ను నల్లబడి ఉంది, చుట్టూ తెల్ల ప్లాస్టిక్ టీ రంగుకి మారి మెత్తబడి ఒక పక్కకి కుంగింది, పిన్ను వేలితో కదిపితే ఆడుతోంది. అది బయటికి కనపడే చోటు కాదు, రెండు నెలలుగా ఎవరూ విప్పి చూడలేదు. కొత్త కప్లర్ వేయించి, వైరు కాలిన చోటిదాకా కోయించి మళ్లీ బిగించాం. ఇప్పుడు 13.7 వస్తోంది. ఏసీ వేసి 25 నిమిషాలు నిలబెట్టా, స్కానర్‌లో (ఇంజిన్ కంప్యూటర్ రీడింగులు చూపించే మీటర్) 99 డిగ్రీల దాకా ఎక్కగానే పెద్ద స్పీడు పడి 93కి దిగింది, కాగితం అతుక్కుని వదల్లేదు.

గ్రీజుచేతులు:
చాలా సంతోషం అండి. ఒక్కటి మాత్రం వదలకండి, రెండు నెలలు వేడెక్కిన ఇంజిన్ కదా, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) చూసుకోవాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక నిమిషంలో పై హోస్ నొక్కండి, అప్పటికే రాయిలా బిగుసుకుంటే అనుమానించాలి. కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలు రావడం, కూలెంట్ కనపడకుండా తగ్గడం, ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి జిడ్డు, ఇవి కూడా చూడండి.

పాతబండి_11:
పొద్దున చూశానండి. హోస్ మెత్తగానే ఉంది, బుడగల్లేవు, ఆయిల్ మూత శుభ్రంగా ఉంది. ట్యాంకు మీద కూలెంట్ మట్టానికి మార్కర్‌తో గీత పెట్టా, వారం తర్వాత చూసి ఇక్కడే రాస్తా. వైరింగ్ అన్నకి ప్రత్యేకంగా థ్యాంక్స్, కప్లర్ తగిలించే ఉంచి కొలవమనకపోతే ఈపాటికి మంచి రేడియేటర్‌ని పీకించేవాణ్ని.