ఇంటి గోడ పక్కన పొట్టిగా పెరిగే పూల పొదలు: ఏవి నాటుకోవచ్చు?

ప్రశ్న: ఎర్రనేల (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరం శివారులో ఈమధ్యే కట్టుకున్న మా ఇంటికి పడమటి వైపు, గోడకూ ప్రహరీకీ మధ్య నాలుగు అడుగుల వెడల్పున ఖాళీ స్థలం ఉంది. కిటికీల అడుగు అంచు నేలకు మూడు అడుగుల ఎత్తులో ఉంది కనుక, అంతకు మించి పెరగని పూల పొదలను వరుసగా నాటాలనుకుంటున్నాము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు పాత ఇంటి దగ్గర మునగచెట్టు విరిగి వంటింటి రేకుల మీద పడినప్పటి నుంచి మా అత్తగారు గోడ పక్కన చెట్టు అంటే ఒప్పుకోరు. పొదలైతే సరేనన్నారు, రోజూ పూజకు నాలుగు పూలు దొరికితే ఆవిడకు మరీ సంతోషం. ఆ స్థలంలో మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకే వరకు ఎండ నేరుగా పడుతుంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. నర్సరీలో గన్నేరు, మందారం, నూరువరహాలు చూపించారు గానీ, సంచుల్లో మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయి. వీటిలో ఏది తీసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

సంచిలో ఉన్న ఎత్తును చూసి నిర్ణయించుకోకండి. ఆ మొక్క నేలలో కుదురుకున్నాక ఎంత ఎత్తు, ముఖ్యంగా ఎంత వెడల్పు పెరుగుతుందో అడగండి. గన్నేరు మనిషి ఎత్తును దాటిపోతుంది. ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే కాబట్టి పసిపాప తిరిగే ఇంట్లో దాని ఆలోచన మానుకోవడమే మంచిది. మందారం పూజకు శ్రేష్ఠమే గానీ, నాలుగు అడుగుల సందులో దాని కొమ్మలు కిటికీని మూసేస్తాయి, పైగా పిండినల్లి బెడద ఎక్కువ.

మీ కొలతలకు సరిపోయేది పొట్టి రకం నూరువరహాలు. రెండు మూడు అడుగులకు మించకుండా గుబురుగా పెరుగుతుంది, ఎండ ఎంత తగిలితే అంత పూస్తుంది. పేరు విని కొనేయకుండా ఆకును పరిశీలించండి. పెద్ద రకానికి ఆకు అరచేతి పొడవున, కణుపుల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది. పొట్టి రకానికి ఆకు బొటనవేలంతే ఉండి, కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసినప్పుడు, ఆ ప్రాంతంలోని మా బంధువుల వాకిట్లో ఈ పొదలకు ఆకులు మాత్రమే రాలాయి. తర్వాత మళ్లీ చిగురు వేశాయి.

జవాబు: బొబ్బిలి తోట

గన్నేరు వద్దన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నూరువరహాల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చేయాలి. అది కొంచెం పులుపు గుణం ఉన్న నేలను కోరుకునే మొక్క. కొత్త గోడ పక్కన నేలలో సిమెంటు, సున్నం కలిసి ఉంటాయి. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని అందుకోలేదు. అప్పుడు లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. చాలామంది అది నీటి ఎద్దడి అనుకొని ఇంకా నీళ్లు పోసి మొక్కను పాడుచేస్తారు.

ఇలాంటి చోట పొట్టి నందివర్ధనం నాకు ఎక్కువ నమ్మకమైనది. నేల గురించి అంత పట్టింపు ఉండదు, కొంత నీడ పడినా పూస్తుంది, తెల్లని పూలు శివపూజకు పనికొస్తాయి. ముద్ద నందివర్ధనం మాత్రం తీసుకోవద్దు, అది కిటికీ ఎత్తును సులువుగా దాటుతుంది. నందివర్ధనానికీ పాలు కారతాయి, కాబట్టి పాప నోట్లో పెట్టుకోకుండా చూడాలి. వానాకాలంలో కింది ఆకుల మీద మిరియాల్లాంటి నల్లని రెట్టలు కనిపిస్తే పై కొమ్మలను వెతకండి: తల దగ్గర రెండు నీలి కళ్ల మచ్చలున్న లావుపాటి ఆకుపచ్చ గొంగళి పురుగు దొరుకుతుంది. చేత్తో ఏరేస్తే చాలు, మందు అక్కరలేదు.

ఎర్రనేల

ఇద్దరికీ ధన్యవాదాలండీ. బొబ్బిలి వారి మాట విని గోడ పక్కన గునపంతో తవ్వి చూశాము. జానెడు లోతు వరకు ఇసుక, గచ్చు పెళ్లలు, టైల్సు ముక్కలే ఉన్నాయి, ఆ కింద ఎర్రమన్ను తగిలింది. అత్తగారికి ఎర్రని పూలే కావాలట. ఈ స్థలాన్ని నూరువరహాలకు అనువుగా మార్చుకోవడం సాధ్యమేనా? ఒక కిటికీ కింద ఏసీ బయటి పెట్టె కూడా ఉంది.

జవాబు: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

సాధ్యమేనండీ, బొబ్బిలి వారు చెప్పిన ప్రమాదం నేను ముందే ప్రస్తావించవలసింది. పెళ్లలన్నీ ఏరించి, అడుగున్నర లోతు వరకు పాత మట్టి తీయించి, బయటి నుంచి తెచ్చిన ఎర్రమన్నులో మూడో వంతు మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపి నింపించండి. గోడను ఆనుకొని మట్టిని పోగు చేయవద్దు, చెద ఎక్కడానికి దారి దొరుకుతుంది. మొక్కలను గోడకు రెండు అడుగుల దూరంలో, ఒకదానికొకటి అడుగున్నర నుంచి రెండు అడుగుల ఎడంతో నాటితే, గోడకు సున్నం వేయడానికి వచ్చిన మనిషి నిలబడే చోటు కూడా మిగులుతుంది. ఏసీ పెట్టె ముందు ఏదీ నాటకండి, ఆ వేడిగాలికి ఏ ఆకైనా అంచుల నుంచి మాడిపోతుంది.

తొలకరి వానలు పడి నేల తడిశాక నాటండి. ఆకులు పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, అవసరమైతే వారం తర్వాత మళ్లీ చేయవచ్చు. కొత్త చిగుళ్ల చివరనే పూగుత్తులు వస్తాయి కాబట్టి, అస్తమానం కత్తిరిస్తే పూజకు పూలు ఉండవు. ఒక విడత పూత అయిపోయాకే పైపైన కత్తిరించాలి. ఉత్తరం వైపు ఖాళీ ఉంటే అక్కడ బొబ్బిలి వారు చెప్పిన పొట్టి నందివర్ధనం రెండు మొక్కలు పెట్టుకోండి.