మా అబ్బాయి ఫుటీయే వృత్తి అంటున్నాడు, ఏం చేయాలి?

నమస్కారమండి. మేము విజయవాడ నుంచి మెల్‌బోర్న్‌కు వచ్చి 6 నెలలైంది. 14 ఏళ్ల మా అబ్బాయి క్రికెట్ మానేసి, ఫుటీ (ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) ఆటగాడినవుతానంటున్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆడినవాళ్ల మధ్య వీడు నిలబడగలడా? పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: నమస్కారమండి. ఆలస్యమైందని బెంగపడకముందే జిమ్ స్టైన్స్ గురించి తెలుసుకోండి. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, ఆ దేశపు ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతున్న ఆయన, మెల్‌బోర్న్ క్లబ్ పిలుపుపై 1984లో 18 ఏళ్ల వయసులో ఇక్కడికి వచ్చారు. గుండ్రటి బంతికి అలవాటుపడిన చేతులతో ఈ కోల బంతిని మొదటి నుంచి నేర్చుకుంటూ, మధ్యలో కింది స్థాయి పోటీలో ప్రహ్రాన్ క్లబ్‌కు కూడా ఆడి, 1987లో గానీ సీనియర్ జట్టులోకి రాలేకపోయారు. ఆ ఏడాది ప్రిలిమినరీ ఫైనల్ (తుది పోరుకు ముందు మ్యాచ్) చివరి క్షణాల్లో, బంతి తన్నబోతున్న హాథార్న్ ఆటగాడు గ్యారీ బకనారా ముందు నుంచి నిబంధనకు విరుద్ధంగా పరుగెత్తినందుకు స్టైన్స్‌పై 15 మీటర్ల పెనాల్టీ పడింది, అంటే బకనారా గోల్‌కు 15 మీటర్లు దగ్గరయ్యారు. ఆ దూరం నుంచి బకనారా ఆట ముగింపు సైరన్ మోగాక గోల్ చేయడంతో మెల్‌బోర్న్ 2 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. అంతటి తప్పు తర్వాత కూడా ఆయన ఆటను వదలలేదు. 1991లో, లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం అందుకున్నారు. మొత్తం 264 మ్యాచ్‌లలో 244 వరుసగా, ఒక్కటీ తప్పకుండా ఆడారు. మీ అబ్బాయికి పతకం కంటే ముందు ఆ మూడేళ్ల నిరీక్షణ గురించి చెప్పండి.

అయితే స్టైన్స్ వంటివారు అరుదు. విక్టోరియాలో సాధారణంగా స్థానిక క్లబ్, ఆ తర్వాత కోట్స్ టాలెంట్ లీగ్ (ప్రతిభ గల టీనేజర్ల పోటీ), ఆపైన నవంబరులో జరిగే జాతీయ డ్రాఫ్ట్ (వృత్తి క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) అనే దారి ఉంటుంది. డ్రాఫ్ట్‌లో ఆటగాడు క్లబ్‌ను ఎంచుకోడు, క్లబ్బే ఆటగాణ్ని ఎంచుకుంటుంది, కనుక 18 ఏళ్ల పిల్లవాడు పెర్త్‌కో బ్రిస్బేన్‌కో వెళ్లవలసి రావచ్చు. పన్నెండో తరగతి పరీక్షలు కూడా సరిగ్గా అక్టోబరు, నవంబరులోనే ఉంటాయి. అందువల్ల చదువు, ఆట రెండూ ఎలా సాగించాలో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

జవాబు 2: పై సలహాకు ఒక్క మాట చేరుస్తున్నానండి. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదిరి దాని పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం) అయితే, స్థానిక పోటీల్లో ఆడే పిల్లలు కనీసం 21 రోజులు మ్యాచ్‌కు దూరంగా ఉండాలి. ఆ నియమాన్ని ఎలా అమలు చేస్తారో క్లబ్‌లో చేర్చేటప్పుడే కోచ్‌ను అడగండి. మౌత్‌గార్డ్ (పళ్లకు రక్షణగా నోట్లో పెట్టుకునే తొడుగు) లేకుండా ప్రాక్టీస్‌కు కూడా పంపకండి.