తేలికపాటి స్పోర్ట్స్ కారుకు సూపర్‌ఛార్జర్ బిగించడం సార్థకమేనా? – అనుభవాల చర్చ

వంపుదారి

నా దగ్గర టొయోటా 1.8 లీటర్ల 2జెడ్‌జెడ్ ఇంజన్ అమర్చిన లోటస్ ఎలీస్ ఉంది. బరువు సుమారు 860 కిలోలు, శక్తి 189 హెచ్‌పీ. 6,200 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర కామ్ (వాల్వులను తెరిచే భాగం) మారిన తరువాత 8,500 వరకు ఈ ఇంజన్ ఎంత ఉత్సాహంగా పరుగెడుతుందో నడిపినవారికి తెలుసు. ఆ మలుపుకు దిగువన మాత్రం అది సాధారణమైన కుటుంబపు కారు ఇంజన్‌లాగే ఉంటుంది. కొండదారిలో మలుపు దాటి బయటికి వచ్చేసరికి 4,500 దగ్గర చిక్కుకుంటే, గేరు దించడం తప్ప మరో మార్గం ఉండదు.

ఈ లోటును సూపర్‌ఛార్జర్ (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే పరికరం) తీరుస్తుందా, తీర్చినా ఈ కారులో నాకు నచ్చిన గుణాలను చెడగొడుతుందా అన్నది నా సందేహం. గరిష్ఠ శక్తి అంకెలు అమ్మకందారుల ప్రకటనల్లో కావలసినన్ని దొరుకుతున్నాయి కాబట్టి, బిగించుకుని కొంతకాలం నడిపినవారి అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇంజన్‌గది

వంపుదారి గారూ, మీ ప్రశ్నకు ఒక విధంగా లోటస్ సంస్థే సమాధానం చెప్పి ఉంది. 2006లో ఎగ్జీజ్ ఎస్‌కు, ఆ తరువాత 2008 ప్రాంతంలో ఎలీస్ ఎస్‌సీకి ఇదే ఇంజన్ మీద, 11.5:1 కంప్రెషన్ నిష్పత్తిని (సిలిండర్‌లోని మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో తెలిపే అంకె) అలాగే ఉంచి, సూపర్‌ఛార్జర్ అమర్చింది. రెండింటి శక్తీ దాదాపు 220 హెచ్‌పీయే. మీ కారులో సుమారు 180 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 6,800 ఆర్‌పీఎం దగ్గర వస్తే, ఎలీస్ ఎస్‌సీలో సుమారు 210 న్యూటన్ మీటర్లు 5,000 దగ్గరే వస్తాయి. మీరు అడుగుతున్న మార్పు ఇదే.

ఆ రెండు కార్ల మధ్య ఉన్న తేడాను మాత్రం గమనించండి. ఎగ్జీజ్‌లో ఇంజన్ మీద ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే పరికరం) ఉంది, పైకప్పు మీది రంధ్రం నుంచి దానికి గాలి అందుతుంది. ఎలీస్ ఎస్‌సీలో ఇంటర్‌కూలర్ లేదు. ఈ తేడా ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. బయటి గాలి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండగా దానిని అర బార్ మేర నొక్కితే, ఏ నష్టమూ లేని ఆదర్శ కంప్రెసర్‌లో కూడా ఉష్ణోగ్రత 36 డిగ్రీలు పెరుగుతుంది. రూట్స్ రకం (జంట రోటర్లతో గాలిని నెట్టే) సూపర్‌ఛార్జర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే పెరుగుదల 60 డిగ్రీలవుతుంది, అంటే ఇంజన్‌లోకి వెళ్లేది 80 డిగ్రీల గాలి. ఒత్తిడి ఒకటిన్నర రెట్లు అయినా వేడికి వ్యాకోచించడం వల్ల గాలి సాంద్రత 24 శాతమే పెరుగుతుంది. అదే గాలిని ఇంటర్‌కూలర్ 40 డిగ్రీలకు తేగలిగితే పెరుగుదల 40 శాతం దాకా వస్తుంది. గేజ్ మీద కనిపించే బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) మాత్రం రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే.

అసలు ప్రమాదం శక్తి తగ్గడం కాదు. 11.5:1 నిష్పత్తి ఉన్న ఇంజన్‌లోకి వేడి గాలి వెళ్తే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండటం) మొదలవుతుంది, దానిని ఆపడానికి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది, టైమింగ్ వెనక్కి జరిగినకొద్దీ ఎగ్జాస్ట్ మరింత వేడెక్కుతుంది. డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద చల్లని ఇంజన్‌తో ఒక్కసారి సాధించిన అంకెకూ, పావుగంట గట్టిగా నడిపిన తరువాత మిగిలే అంకెకూ మధ్య తేడా ఇక్కడే పుడుతుంది. కాబట్టి కిట్ అమ్మేవారిని గరిష్ఠ శక్తి ఎంత అని అడగకండి. వరుసగా కొన్ని ల్యాప్‌లు తిరిగిన తరువాత ఇంటేక్ ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో అడగండి. ఆ అంకె చెప్పలేనివారి దగ్గర కొనకపోవడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

పాత రోడ్‌స్టర్

నా కారు మొదటి తరం మాజ్దా ఎమ్‌ఎక్స్-5, 1.6 లీటర్ల ఇంజన్. దాని కంప్రెషన్ 9.4:1 మాత్రమే కాబట్టి తక్కువ బూస్ట్‌కు అది సహజంగానే అనుకూలిస్తుంది. చిన్న రూట్స్ సూపర్‌ఛార్జర్‌ను 0.4 బార్ దగ్గర ఉంచి చాలాకాలంగా నడుపుతున్నాను, ఇంతవరకు ఇంజన్ విప్పవలసిన అవసరం రాలేదు.

అందులో నాకు దొరికిన సంతోషం వేగంలో లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులోనే ఉంచి, కాలు కొద్దిగా ఆనిస్తే కారు ఆలస్యం లేకుండా ముందుకు సాగుతుంది. టర్బో ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతుంది గనుక అది ఊపందుకోవడానికి ఒక క్షణం పడుతుంది. సూపర్‌ఛార్జర్ బెల్ట్ ద్వారా క్రాంక్‌షాఫ్ట్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి పెడల్‌కూ వెనుక చక్రాలకూ మధ్య ఉన్న సంబంధం చెడదు. కారు స్వభావం అలాగే ఉండి, దానిలో పెద్ద ఇంజన్ పెట్టినట్లు అనిపిస్తుంది. నెమ్మదిగా సాగేటప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుని గాలిని నొక్కకుండా వదిలేస్తుంది, అందువల్ల సాధారణ ప్రయాణంలో ఇంధన ఖర్చు గుర్తించదగినంత పెరగలేదు.

అయితే 1.6 కారు కొనదలచినవారు దాని డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల అమరిక) చిన్నదన్న సంగతి మరచిపోకూడదు. అదనపు టార్క్‌కు అది విరగడం ఈ కార్లవాళ్లందరికీ తెలిసిన విషయమే. 1994లో 1.8 ఇంజన్‌తో వచ్చిన పెద్ద డిఫరెన్షియల్‌ను నేను ముందుగానే అమర్చుకున్నాను. గట్టి క్లచ్ కూడా ఆ పనిలోనే వేయించాను. మాజ్దా సంస్థ 2004లో స్వయంగా టర్బో పెట్టి 178 హెచ్‌పీ కారు అమ్మినప్పుడు కూడా ఇంజన్ ఒక్కదాన్నే మార్చి ఊరుకోలేదు, ప్రసార వ్యవస్థను, సస్పెన్షన్‌ను కూడా బలపరిచింది. కిట్ ధరకు వీటిని కలిపి చూస్తేనే నిజమైన ఖర్చు తెలుస్తుంది.

వంపుదారి

ఇద్దరికీ కృతజ్ఞతలు. సెంట్రిఫ్యూగల్ రకం సూపర్‌ఛార్జర్ (వేగంగా తిరిగే చక్రంతో గాలిని విసిరేది) గాలిని తక్కువ వేడెక్కిస్తుందని, నా ఇంజన్ ఎలాగూ పై ఆర్‌పీఎం ఇంజనే కాబట్టి దానికి అదే సరిపోతుందని ఒక మెకానిక్ సలహా ఇచ్చారు. వాడినవారెవరైనా ఉన్నారా?

బెల్ట్ చప్పుడు

నేను టొయోటా జీటీ86కు సెంట్రిఫ్యూగల్ వేయించాను. మీ మెకానిక్ చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. సామర్థ్యం ఎక్కువ, వేడి తక్కువ, చోటు కూడా తక్కువే తీసుకుంటుంది. రెండో సగం మాత్రం మీరు మొదట అడిగినదానికి విరుద్ధంగా ఉంది.

సెంట్రిఫ్యూగల్‌లో బూస్ట్ దాదాపు తిరిగే వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 8,000 దగ్గర అర బార్ ఇచ్చేది 4,000 దగ్గర దానిలో నాలుగోవంతు, అంటే 0.12 బార్ మాత్రమే ఇస్తుంది. మీరు చిక్కుకుంటున్నది 4,500 దగ్గర. ఇప్పటికే పైభాగంలో బలంగా ఉన్న ఇంజన్‌కు ఇది పైభాగంలోనే బలం చేరుస్తుంది, కింద ఉన్న లోటు చాలావరకు అలాగే మిగిలిపోతుంది. జీటీ86 పాత ఇంజన్‌లో 3,500 నుంచి 4,500 మధ్య టార్క్ పడిపోయే చోటు ఒకటి ఉంది. నా కారులో సూపర్‌ఛార్జర్ వచ్చాక ఆ పల్లం పూడలేదు, దాని అవతల ఉన్న కొండ మాత్రం ఎత్తు పెరిగింది. పొడవైన తిన్నని భాగాలున్న ట్రాక్‌లో నాకు అది ఎంతో నచ్చింది. ఇరుకైన దారుల్లో అంత తృప్తి లేదు. మీ వాడుక కొండదారి అయితే రూట్స్ గానీ, ట్విన్ స్క్రూ (జంట మరలతో గాలిని నొక్కే రకం) గానీ ఎంచుకుని, మంచి ఇంటర్‌కూలర్‌తో దాని వేడిని అదుపు చేయడమే సరైన మార్గం.

చివరి మలుపు

నేను వేరే వైపు నుంచి మాట్లాడదలచాను. సూపర్‌ఛార్జర్ ఉన్న ఎలీస్‌ను, లేని ఎలీస్‌ను రెండింటినీ ట్రాక్ మీద నడిపాను. సొంతానికి ఉంచుకున్నది లేనిదానినే.

తేలికపాటి కారులో ప్రతి భాగాన్నీ ఆ బరువుకు, ఆ వేగానికి తగినంత మేరకే పెట్టి ఉంటారు. అందుకే అది తేలికగా ఉంది. తిన్నని భాగం చివర మీ వేగం గంటకు 160 నుంచి 175 కిలోమీటర్లకు పెరిగిందనుకోండి. గతిజశక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదే మలుపు కోసం బ్రేకులు మింగవలసిన వేడి దాదాపు 20 శాతమో, అంతకంటే ఎక్కువో పెరుగుతుంది, అదీ ప్రతి ల్యాప్‌లోనూ. మామూలు ప్యాడ్లు, మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ దానిని ఎంతోసేపు భరించవు. పైగా ఈ ఇంజన్‌లో పొడవైన మలుపుల్లో ఆయిల్ సంప్‌లో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఒక పక్కకు జరిగి పంపుకు అందకపోయే ఇబ్బంది ఉంది. వేగం పెరిగితే అది పెరుగుతుంది, తగ్గదు. ఇంజన్ మధ్యలో ఉన్న ఈ కారులో బరువు 38:62 నిష్పత్తిలో వెనుకకు మొగ్గి ఉంటుంది. మలుపు మధ్యలో టార్క్ ఉన్నట్టుండి వచ్చిపడితే వెనుక టైర్ల పట్టు ఎంత మిగిలిందో ముందుగా తెలిసి ఉండాలి. ముందు 175, వెనుక 225 వెడల్పు టైర్ల మధ్య లోటస్ కుదిర్చిన సమతూకం 189 హెచ్‌పీకి కుదిర్చినది.

ముందు టైర్లు, ప్యాడ్లు, చక్రాల అమరిక, సస్పెన్షన్ బుష్‌లు, ఆ తరువాత మంచి శిక్షకుడి పక్కన కూర్చుని నేర్చుకోవడం. ఇవన్నీ అయిపోయాక కూడా శక్తి చాలలేదనిపిస్తే అప్పుడు సూపర్‌ఛార్జర్ గురించి ఆలోచించవచ్చు. ఈ వరుసను తలకిందులు చేసుకున్న కార్లు పిట్‌లో బ్రేకులు పొగలు కక్కుతూ నిలబడి ఉండటం తరచుగా చూస్తున్నాను, ఆ దృశ్యం నన్ను నిజంగా బాధపెడుతుంది.

గ్రాముల లెక్క

చివరి మలుపు గారి మాటను మరికొంత ముందుకు తీసుకువెళ్తాను. తయారీదారులకు ఇదే చిక్కు ఎదురైనప్పుడు వారు ఏం చేశారో చూడండి. జీటీ86లో పైన చెప్పిన పల్లాన్ని పూడ్చడానికి టొయోటా, సుబారు రెండో తరంలో ఇంజన్‌ను 2.4 లీటర్లకు పెంచాయి. 205 న్యూటన్ మీటర్లు 6,400 దగ్గర వచ్చేది కాస్తా 250 అయి 3,700 దగ్గరే వచ్చింది. మాజ్దా 2018లో తన 2 లీటర్ల ఇంజన్‌లో ఒక్కో పిస్టన్‌కు 27 గ్రాములు, ఒక్కో కనెక్టింగ్ రాడ్‌కు 41 గ్రాములు తగ్గించి, రెడ్‌లైన్‌ను (ఇంజన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం) 6,800 నుంచి 7,500కు తీసుకువెళ్లింది. ఈ మార్పుల్లో ఎవరూ బూస్ట్ జోలికి పోలేదు.

ఈ వివాదం కొత్తదేమీ కాదు. బెంట్లీ నాలుగున్నర లీటర్ల కారుకు సూపర్‌ఛార్జర్ పెట్టాలని రేసు డ్రైవర్ టిమ్ బిర్కిన్ పట్టుబట్టినప్పుడు సంస్థ స్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీ ఇష్టపడలేదు. 1930 లె మాన్స్ పందెంలో గెలిచినది సూపర్‌ఛార్జర్ లేని బెంట్లీ స్పీడ్ సిక్స్, సూపర్‌ఛార్జర్ ఉన్న బెంట్లీలు ముగింపు వరకు నిలవలేదు.

ఇంజన్‌గది

ఆ ఉదాహరణలు నిజమే గాని, ఇంజన్‌ను 2.4 లీటర్లకు పెంచే వెసులుబాటు తయారీదారుకు ఉంటుంది, కారు కొన్నవారికి ఉండదు. మధ్య ఆర్‌పీఎంలలో టార్క్ రాబట్టడానికి మనకు మిగిలే దారులు రెండే: ఇంజన్ మార్పిడి, లేదా బూస్ట్. ఎగ్జాస్ట్, కామ్, ఫిల్టర్ మార్పులన్నీ కలిపినా ఈ 2జెడ్‌జెడ్‌లో 4,500 దగ్గర చెప్పుకోదగిన తేడా రాదు. ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందున్న చివరి గేరు) నిష్పత్తిని పొట్టి చేస్తే కొంత ఊరట దొరుకుతుంది, అయితే రహదారి మీద ఇంజన్ ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది.

చివరి మలుపు గారు చెప్పిన వరుసతో మాత్రం నాకు పూర్తి ఏకీభావం ఉంది. 860 కిలోల కారుకు 30 హెచ్‌పీ చేరడమంటే టన్నుకు సుమారు 35 హెచ్‌పీ చేరినట్లు. బరువైన కారులో ఇదే ఫలితానికి ఎంతో ఎక్కువ శక్తి కావాలి. అందుకే తేలికపాటి కారుకు తక్కువ బూస్ట్ చాలు. ఎక్కువ బూస్ట్ కోసం చిన్న పులీ (సూపర్‌ఛార్జర్‌ను తిప్పే బెల్ట్ చక్రం) వేసుకునేవారు సూపర్‌ఛార్జర్‌ను దాని సామర్థ్యం పడిపోయే వేగాలకు నెట్టి, బలానికి బదులు వేడిని కొనుక్కుంటున్నారు.

వంపుదారి

ఈ చర్చ చదివిన తరువాత నా ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. ముందుగా ప్యాడ్లు, ఫ్లూయిడ్, అడ్డుపలకలున్న సంప్, చక్రాల అమరిక పూర్తి చేస్తాను. తరువాత రూట్స్ రకం, ఇంటర్‌కూలర్‌తో, 220 హెచ్‌పీకి మించకుండా. బీమా సంస్థకు మార్పు గురించి ముందే రాతపూర్వకంగా తెలియజేస్తాను. ఒక్క సందేహం మిగిలింది: బిగించిన మొదటి రోజు నుంచి ఏ కొలతలు నమోదు చేసుకోవాలి?

పాత రోడ్‌స్టర్

బిగించకముందే మొదలుపెట్టండి. ప్రతి సిలిండర్‌లో కంప్రెషన్ కొలిపించి, నాలుగూ దగ్గరగా లేకపోతే కిట్ ఆర్డర్ ఇవ్వకండి, అలిసిపోయిన ఇంజన్ మీద బూస్ట్ పెట్టడం ఎంతమాత్రం తగదు. తరువాత ఇంటేక్ ఉష్ణోగ్రత, గాలి–ఇంధన నిష్పత్తి, నాకింగ్ వల్ల వెనక్కి జరిగిన టైమింగ్, ఆయిల్ ఉష్ణోగ్రత, ఇంధన ఒత్తిడి, ఈ అయిదింటినీ లాగ్ చేయించండి. రెడ్‌లైన్ దగ్గర ఇంధన ఒత్తిడి జారుతున్నట్లు కనిపిస్తే పంపు చాలడం లేదని అర్థం, ఆ రోజు అంతటితో ఆపివేయాలి.

ఇంజన్‌గది

దానికి ఒకటి కలుపుతాను. బెల్ట్ కొత్తగా ఉన్నప్పుడు సాగుతుంది. అందుచేత తొలి ప్రయాణాల తరువాత బిగువు సరిచూసుకోండి. పై ఆర్‌పీఎంలలో బూస్ట్ ఉన్నట్టుండి తగ్గుతుంటే ట్యూనర్ దగ్గరికి వెళ్లేముందు పులీ మీద బెల్ట్ జారుతోందేమో చూడండి.