కాలిపర్ పట్టేస్తుంటే సీల్ కిట్ వేయాలా, మొత్తం మార్చేయాలా?

టర్బోతమ్ముడు:
నా కారు టర్బో సెడాన్, ముందు చక్రాలకి నాలుగు పిస్టన్ల అల్యూమినియం ఫిక్స్‌డ్ కాలిపర్లు (రెండు పక్కలా పిస్టన్లతో ప్యాడ్లని డిస్కుకి అదిమేవి, తాము కదలని రకం). కొన్నాళ్లుగా ముందు కుడి చక్రం పట్టేస్తోంది. నడిపి వచ్చాక ఆ రిమ్ దగ్గర చెయ్యి పెట్టలేం, కాలిన వాసన, బ్రేక్ డస్ట్ కూడా ఆ పక్కే ఎక్కువ, స్టీరింగ్ వదిలితే కారు కొంచెం కుడికి లాగుతోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే రెండు డిస్కులకీ పొంతనే లేదు. ఒక మెకానిక్ ఏమో "రెండు పక్కలా కొత్త కాలిపర్లు వేసేయండి, వేరే మాట లేదు" అన్నాడు, ఇంకొకాయన "సీల్ కిట్ వేస్తే చాలు, బంగారంలాంటి కాలిపర్ పారేస్తావా" అని తిట్టాడు. అప్పుడప్పుడు ట్రాక్‌కి కూడా తీసుకెళ్తా. మీరైతే ఏం చేస్తారు?

రెంచ్ రాంబాబు:
కిట్టే. ఇందులో ఆలోచించడానికేం లేదు తమ్ముడూ. కాలిపర్‌లో అరిగిపోయేది రబ్బరు, అల్యూమినియం కాదు. పిస్టన్ చుట్టూ ఉండే ఆ చదరపు సీల్ ఆయిల్ కారకుండా ఆపడానికే అనుకుంటారు చాలామంది, కానీ పెడల్ వదిలాక పిస్టన్‌ని వెనక్కి లాగేది కూడా అదే, బ్రేక్ తొక్కినప్పుడు సీల్ కొంచెం మెలితిరుగుతుంది, వదలగానే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసంత వెనక్కి తెస్తుంది. రబ్బరు గట్టిపడితే ఆ లాగుడు పోతుంది, అంతే, ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. కొత్త సీల్స్, కొత్త డస్ట్ బూట్లు (పిస్టన్‌కి దుమ్ము పట్టకుండా ఉండే రబ్బరు తొడుగులు), శుభ్రంగా కడగడం. అయిపోయింది.

సేఫ్టీఫస్ట్:
రాంబాబు గారూ, అన్ని విషయాల్లో మీరంటే గౌరవమే గానీ ఇక్కడ ఒప్పుకోను. ఇంజిన్ ఆగిపోతే పక్కకి తీసి నిలబెట్టుకుంటాం, బ్రేక్ ఫెయిలయితే ఎక్కడ ఆగుతామో మన చేతిలో ఉండదు. మొదటిసారి కాలిపర్ విప్పేవాడు సీల్ మీద చిన్న గాటు పెట్టినా, గాడిలో ఇసుక రేణువు వదిలేసినా ఆ రోజు తెలీదు, గట్టిగా తొక్కాల్సిన రోజు తెలుస్తుంది. కొత్తది ప్రెషర్ టెస్ట్ చేసి ఇస్తారు, మన ఇంట్లో ఆ టెస్ట్ ఎవరు చేస్తారు? పైగా ఇతను ట్రాక్‌కి వెళ్తానంటున్నాడు.

గ్రీజుచేతులు:
"కొత్తది" అని డబ్బాలో వచ్చేది నిజంగా కొత్తదేనా అన్నది ముందు చూసుకోండి. రీమాన్యుఫాక్చర్డ్ అని రాసుంటే అది ఎవరిదో పాత కాలిపరే, విప్పి, కడిగి, కిట్ వేసి, రంగేసి ఇస్తారు. అంటే రీబిల్డ్ ఎలాగూ జరిగిందే, చేసింది మీరా వాళ్లా అన్నదే తేడా. వాళ్లలో మంచిగా చేసేవాళ్లూ ఉన్నారు, పైపైన రంగు కొట్టి పంపేవాళ్లూ ఉన్నారు.

సేఫ్టీఫస్ట్:
అందుకే కంపెనీ కొత్తదే తీసుకోమంటున్నా, రీమాన్ కాదు.

లావణ్య_ఎమ్:
అసలు కాలిపరే పాడయిందని ఎవరు తేల్చారండీ? చక్రం పట్టేస్తోంది అన్నది లక్షణం మాత్రమే. మీరందరూ మందు గురించి కొట్టుకుంటున్నారు, రోగం ఏంటో ఇంకా ఎవరూ చూడలేదు.

టర్బోతమ్ముడు గారూ, ఇలా చేయండి. కారు జాకీ మీదే వదిలేయకుండా స్టాండ్లు పెట్టి, చక్రం గాల్లో ఉండగా బ్రేక్ నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి వదలండి, చక్రం తిప్పి చూడండి. పట్టేసి ఉంటే అప్పుడు ఆ కాలిపర్ బ్లీడ్ నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే ఫ్రీ అయిందా, అయితే లోపల ప్రెషర్ నిలిచిపోతోందన్నమాట, కాలిపర్ తప్పు కాదు. చాలాసార్లు అది హోస్ పైపు. రబ్బరు హోస్ పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి వాల్వులా పనిచేస్తుంది, తొక్కినప్పుడు ఆయిల్‌ని పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రిటర్న్ రంధ్రం మూసుకుపోయినా, పెడల్ రాడ్‌కి కొంచెం కూడా ఆట లేకపోయినా ఇలాగే ప్రెషర్ నిలుస్తుంది, కానీ అప్పుడు సాధారణంగా ఒక్క చక్రంతో ఆగదు.

నిపుల్ వదులు చేసినా చక్రం తిరగకపోతే అప్పుడు పిస్టనో, ప్యాడో మెకానికల్‌గా ఇరుక్కున్నట్టు. మీది ఫిక్స్‌డ్ కాలిపర్ కాబట్టి కాలిపర్ పక్కకి జరిగే స్లైడ్ పిన్నుల గొడవ లేదు. ఈ టెస్ట్ చేయకుండా రెండు కొత్త కాలిపర్లు కొని, పాత హోసే మళ్లీ బిగించి, "కొత్తవి కూడా పట్టేస్తున్నాయి, పార్ట్స్ బాలేదు" అని తిట్టుకునేవాళ్లు బోలెడంతమంది.

రెంచ్ రాంబాబు:
ఇది నిజం. మేడమ్ చెప్పినట్టు ముందు నిపుల్ తెరువు. నిపుల్ కూడా తుప్పు పట్టి ఉంటే బలవంతం చేయకు, అది విరిగితే ఇంకో కథ.

ట్రాక్‌రాజా:
ట్రాక్ మాట వచ్చింది కాబట్టి నా వాటా. ట్రాక్‌కి వెళ్లే కారుకి కాలిపర్ రీబిల్డ్ అనేది ఆయిల్ మార్చినట్టే మామూలు సర్వీసు, దీన్ని గుండె ఆపరేషన్‌లా మాట్లాడుకోవడం నాకు వింతగా ఉంది. వేడికి ముందు డస్ట్ బూట్లు పెళుసుబారి చిరుగుతాయి, తర్వాత సీల్స్ గట్టిపడతాయి. చాలా రేసింగ్ కాలిపర్లకి డస్ట్ బూట్లే ఉండవు, ఎలాగూ తరచూ విప్పుతారు కాబట్టి. సేఫ్టీ గారూ, ట్రాక్‌కి వెళ్తాడు కాబట్టి కొత్తది వేయాలంటున్నారు, నేనేమో ట్రాక్‌కి వెళ్తాడు కాబట్టి రీబిల్డ్ నేర్చుకోవాలంటా, ఎందుకంటే కొత్తది వేసినా ఇదే వేడి, ఇదే రబ్బరు.

ఇంకోటి, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు తమ్ముడూ? డాట్ 4 ఆయిల్‌కి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి, సుమారు 3.7 శాతం నీరు పీల్చుకున్నాక చూస్తే కనీసం 155 ఉంటే చాలు. ఆ రెంటి మధ్య తేడా చూడు. ఒక చక్రం నిరంతరం రాసుకుంటూ వేడెక్కుతుంటే ఆ కాలిపర్‌లో ఉన్న పాత ఆయిల్ మరిగి పెడల్ నేలకి వెళ్లిపోతుంది, అంటే ఇది ప్యాడ్ అరుగుదలతో పోయే వ్యవహారం కాదు. తేలేదాకా ట్రాక్ మాట మర్చిపో.

సేఫ్టీఫస్ట్:
సరే, రీబిల్డ్ వచ్చినవాళ్లకి వచ్చు. కానీ బోర్‌లో, అంటే పిస్టన్ కూర్చునే రంధ్రంలో, గీతలుంటే? తుప్పు గుంటలుంటే? అప్పుడైనా కొత్తది అంటారా, హోన్ చేసి, అంటే లోపల రుద్ది నున్నగా చేసి, నెట్టుకొస్తారా?

రెంచ్ రాంబాబు:
హోన్ ఎవడు చేయమన్నాడు? అల్యూమినియం బోర్ మీద తుప్పు నుంచి కాపాడే ఆనోడైజింగ్ పొర ఉంటుంది, హోన్ చేస్తే అదే పోతుంది. చాలామంది కాలిపర్‌ని మాస్టర్ సిలిండర్‌తో కలిపేస్తారు. మాస్టర్ సిలిండర్‌లో సీల్ పిస్టన్‌తో పాటు కదులుతుంది, బోర్ గోడకి రాసుకుంటుంది, అక్కడ గీత ఉంటే పని అయిపోయినట్టే. ఇలాంటి కాలిపర్‌లో సీల్ బోర్ గాడిలో కదలకుండా కూర్చుంటుంది, రాసుకునేది పిస్టన్ ఒంటికి. కాబట్టి బోర్ గోడ మీద చిన్న గీత పెద్ద విషయం కాదు, పిస్టన్ మీద సీల్ ఆడే చోట గోరుకి తగిలే గుంట ఉంటే మాత్రం ఆ పిస్టన్ మార్చాల్సిందే, దొరికితే పిస్టన్ ఒక్కటే మార్చు. అసలు దొంగ గాడి అడుగున ఉంటాడు. సీల్ తీసి చూస్తే గాడిలో తెల్లటి పొడి గట్టిగా పేరుకుని ఉంటుంది, అల్యూమినియం తుప్పు అది. అది సీల్‌ని లోపల్నుంచి పైకి నెట్టి పిస్టన్‌ని బిగించేస్తుంది. కొత్త సీల్ వేసి ఆ పొడి అక్కడే వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ మొదటికే. చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ పిక్‌తోనో ఓపిగ్గా గీకాలి, స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకూడదు. ఆ గాడి అంచే తినేసి ఉంటే అప్పుడు నేనూ సేఫ్టీ గారి పక్కకే వస్తా, బాడీ మార్చాల్సిందే.

గ్రీజుచేతులు:
పిస్టన్లు బయటికి తీసేటప్పుడు ఎయిర్ కంప్రెసర్ పెట్టి వేళ్లు మధ్యలో పెట్టకండి బాబూ, తుపాకీ గుండులా వస్తుంది. కాలిపర్ ఇంకా కారుకే ఉన్నప్పుడు ప్యాడ్లు తీసి పల్చటి చెక్క పెట్టి పెడల్‌తోనే మెల్లగా నాలుగూ సమానంగా బయటికి తెచ్చుకోవడం మేలు. ఒకటి ముందే ఊడితే మిగతా మూడింటికి ప్రెషర్ రాదు. ఏ పిస్టన్ ఏ చోటుదో గుర్తు పెట్టుకోండి, చాలా నాలుగు పిస్టన్ల కాలిపర్లలో డిస్క్ లోపలికొచ్చే వైపు చిన్నది, బయటికెళ్లే వైపు పెద్దది ఉంటుంది.

టర్బోతమ్ముడు:
అప్‌డేట్. నిపుల్ తెరిచా, ఆయిల్ కొంచెం వచ్చింది గానీ చక్రం అలాగే బిగుసుకుని ఉంది, తేడా లేదు. అంటే హోస్ కాదు. ప్యాడ్ పిన్నులు లాగి ప్యాడ్లు తీద్దామంటే లోపలి ప్యాడ్ చేత్తో రాలేదు, సుత్తితో మెల్లగా కొడుతూ తీయాల్సొచ్చింది. విచిత్రం ఏంటంటే ప్యాడ్లు బయటికొచ్చాక పిస్టన్లు నాలుగూ చెక్కతో నొక్కితే మెత్తగా వెళ్లిపోతున్నాయి, బూట్లు కూడా బానే ఉన్నాయి. ప్యాడ్ చివరలు ఆనే చోట స్టీలు రేకులు రెండు స్క్రూలతో బిగించి ఉన్నాయి, అవి మధ్యలో ఉబ్బినట్టున్నాయి.

లావణ్య_ఎమ్:
దొరికింది. ఆ స్టెయిన్‌లెస్ రేకుల కింద అల్యూమినియం తుప్పు పట్టి పెరిగి రేకుని పైకి లేపింది. ప్యాడ్ జారే సందు ఇరుకైపోయింది, ప్యాడ్ ముందుకి వెళ్తుంది, వెనక్కి రాదు. మీ పిస్టన్లూ సీల్సూ బాగున్నాయి. కాలిపర్ మార్చక్కర్లేదు, ప్రస్తుతానికి కిట్ కూడా అక్కర్లేదు. రేకులు విప్పి, కింద ఉన్న తెల్ల తుప్పు పూర్తిగా గీకి, రేకులు మళ్లీ బిగించండి.

బూస్ట్_బాబు:
అంత కష్టమెందుకు, ప్యాడ్ బ్యాకింగ్ ప్లేట్ చివరలు ఫైల్‌తో కొంచెం అరగదీస్తే జారిపోతుంది. నేనలాగే చేశా, బానే ఉంది.

లావణ్య_ఎమ్:
ఇప్పటికి బానే ఉంటుంది. తుప్పు రేకు కింద పెరుగుతూనే ఉంటుంది కదా, ప్రతిసారీ కొత్త ప్యాడ్లు అరగదీస్తూ పోతారా? అటుపక్క మీరు ఎక్కువ అరగదీస్తే బ్రేక్ వేసినప్పుడల్లా ప్యాడ్ టక్కుమని కొట్టుకుంటుంది.

రెంచ్ రాంబాబు:
బాబు చెప్పింది దారిలో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతవరకే. రేకులు పెట్టేటప్పుడు పెట్రోలియం గ్రీజు పెట్టకు, పక్కనే సీల్స్, బూట్లు ఉన్నాయి, అవి ఈపీడీఎం రబ్బరు, ఆ గ్రీజు తగిలితే ఉబ్బిపోతాయి. బ్రేకులకని అమ్మే సిరామిక్ పేస్టో సిలికాన్ గ్రీజో పల్చగా. ఇక ఎడమ పక్క కూడా విప్పి చూడు, అదే వయసు కాలిపర్, అదే వర్షాల్లో తిరిగింది.

సేఫ్టీఫస్ట్:
నేను వెనక్కి తగ్గట్లేదు, కానీ ఇక్కడ కాలిపర్ మార్చమనను. అయితే అంత వేడి తిన్న డిస్కూ ప్యాడ్లూ మాత్రం మళ్లీ వాడకండి. డిస్క్ మీద నీలం మచ్చలున్నాయా, సన్న బీటలున్నాయా చూసి, అవి మాత్రం రెండు పక్కలా జతగా మార్చండి. ఆ చక్రం బేరింగ్ గ్రీజు కూడా ఆ వేడికి పల్చబడి ఉంటుంది, తిప్పి శబ్దం వినండి.

టర్బోతమ్ముడు:
డిస్క్ మీద నీలం మచ్చలున్నాయి, ఎడమది బానే ఉంది కానీ రెండూ ఆర్డర్ పెడుతున్నా. ఆయిల్ కూడా మొత్తం మారుస్తా. ఒక్కటే ఇబ్బంది, ఆ రేకుల స్క్రూల్లో ఒకటి కదలట్లేదు, తల అరిగిపోయేలా ఉంది. గ్యాస్ టార్చ్ పెట్టి వేడి చేయనా?

గ్రీజుచేతులు:
టార్చ్ వద్దు!! బాగున్న సీల్స్, బూట్లు కాల్చేసి చివరికి కిట్ కొనుక్కుంటావు. పెద్ద సోల్డరింగ్ ఐరన్ కొన స్క్రూ తల మీద కాసేపు పెట్టు, వేడి స్క్రూకే వెళ్తుంది. తర్వాత సరైన సైజు బిట్ పెట్టి వెనకనుంచి సుత్తితో ఒక దెబ్బ, అప్పుడు తిప్పు.

ట్రాక్‌రాజా:
తల పోతే డ్రిల్ చేసి తీసి థ్రెడ్ ఇన్సర్ట్ (స్క్రూ పట్టే కొత్త మరల తొడుగు) వేయించు, మెషిన్ షాపులో చేస్తారు.

సేఫ్టీఫస్ట్:
డ్రిల్ పక్కకి జారి బాడీలోకి దిగితే మళ్లీ నా మొదటి పోస్టు చదువుకోండి :)

టర్బోతమ్ముడు:
హహ. సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చుకుంటున్నా, రాత్రికి ఫొటోలు పెడతా.