తురుమా, తరుగా, తీగా? కప్పాబషిలో కొన్న సామానుకి ఒక పేరు కావాలి

అందరికీ నమస్కారం. ఒక వంటింటి సామానుకి తెలుగు పేరు వెతుకుతూ అటూ ఇటూ చాలా దూరం వెళ్లాను. అందుకే పోస్టు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నేను టోక్యోలో, నిషికసాయిలో ఉంటాను. ముల్లంగినీ క్యారెట్‌నీ సన్నటి తీగల్లా, తెగకుండా చుట్టలు చుట్టలుగా తీసే జపాన్ పరికరం ఒకటుంది. ఇంగ్లీషులో స్పైరల్ స్లైసర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయొచ్చు. కానీ దాని పళ్లు ఎంత సన్నగా ఉన్నాయో కళ్లతో చూసి కొనాలనిపించి, మొన్న శనివారం కప్పాబషి అనే వీధికి వెళ్లాను. నిహోంబాషిలో గింజా లైన్‌కి మారి తవరామచిలో దిగితే నడిచే దూరమే. వీధి మొదట్లో ఒక బిల్డింగు మీద పెద్ద వంటవాడి తల బొమ్మ కనిపిస్తుంది. అక్కణ్ణుంచి 800 మీటర్ల పొడవునా 170 దాకా కొట్లు, దాదాపు అన్నీ వంట సామాన్లవే. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఒక కొట్లో స్లైసర్‌ని జపాన్ పలుకుబడిలో "సురైసా" అని అడిగాను. పెద్దాయన చిప్స్ గీసుకునే బల్ల లాంటిది తీసి ఇచ్చారు. అది కాదని చెయ్యి గాల్లో తిప్పి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆ, కురుకురు!" అన్నారు.

కురుకురు అంటే అచ్చం మన గిరగిర. తేలిగ్గా తిరిగితే కురుకురు, అదే బరువుగా, పెద్దగా తిరిగితే గురుగురు. మొదటి హల్లు కాస్త బరువెక్కితే చాలు, అర్థం కూడా బరువెక్కుతుంది. మనకీ ఉంది కదా ఇలాంటి జత: జంతిక కరకరలాడుతుంది, గంజి పెట్టిన చీర గరగరలాడుతుంది. ఆ కొట్లో నిలబడి నాకు మొదట గుర్తొచ్చింది అమ్మ గంజి చీరే.

డబ్బా మీద "త్సుమ" అని రాసి ఉంది. త్సుమ అంటే భార్య అని మాత్రమే నాకు తెలుసు, కంగారుపడ్డాను. పెద్దాయన నవ్వి చెప్పారు: సాషిమి, అంటే పచ్చి చేప ముక్కల పక్కన పెట్టే ముల్లంగి పోగులు, ఆకులు, వాటిని త్సుమ అంటారట. అందులో ముల్లంగి పోగుల్ని విడిగా "కెన్" అంటారు. ఎవరినైనా "సాషిమి పక్కన త్సుమ" అన్నారంటే, అసలు మనిషి కాదు, పక్కన ఉన్నవాడు అని.

త్సుమకి తెలుగు ఏమిటా అని ఆలోచిస్తే మా అమ్మమ్మ మాట తగిలింది: ఆదరువు. "అన్నంలోకి ఆదరువేమైనా ఉందా?" అనేది. ఆధారం, ఆసరా అనే మాటే విస్తట్లోకి వచ్చి కూర, పచ్చడి అయింది. జపాన్‌వాళ్లు పక్కనున్నదాన్ని చిన్నచూపు చూస్తే, మనవాళ్లు పక్కనున్నదే లేకపోతే ముద్ద దిగదన్నారు. నాకు మన మాటే నచ్చింది.

ఇంటికొచ్చి తెనాలికి వీడియో కాల్ చేసి అమ్మకి చూపించాను. ముల్లంగిని ఒక పక్క ముళ్లకి గుచ్చి, రెండో పక్క కత్తికి ఆనించి, పిడి తిప్పాను. కత్తి ముందు దువ్వెన పళ్ల లాంటివి ఉంటాయి. అవి ముల్లంగిని గీట్లు గీస్తుంటే వెనక కత్తి పలచగా లేపుతూ పోతుంది. ఒక్కో పోగు బారెడు పైనే వచ్చింది. చివరికి పుట్టగొడుగు ఆకారంలో ఒక ముక్క మిగిలింది.

"తురుముపీటేగా," అంది అమ్మ.
"తురిమితే పొడిపొడి అవుతుందమ్మా. ఇది తెగలేదు చూడు."
"అయితే తరుగు."
"తరిగితే ముక్కలవుతాయి."
కాసేపు చూసింది. "వడ్రంగి చిత్రిక పడితే చెక్క చుట్టలు చుట్టలుగా లేస్తుందే, అదీ ఇది," అంది.

అక్కడ నాకు ఒళ్లు ఝల్లుమంది. ఎందుకంటే అదే వీధిలో ఎండు చేపని గీకే చెక్కపెట్టె కూడా చూశాను. అది నిజంగానే తిరగేసి బిగించిన చిత్రిక. దానికి జపాన్‌లో వాడే క్రియ "కెజురు", వడ్రంగి పనికీ అదే. తురమడానికి "ఒరోసు", కోయడానికి "కిరు". ఇక "ముకు" అంటే తోలు తీయడం. అరటిపండుకీ అదే, కత్తితో తీసే ముల్లంగికీ అదే. మనం అరటిపండు ఒలుస్తాం, ముల్లంగికి చెక్కు తీస్తాం. చేత్తో అయితే ఒక మాట, కత్తితో అయితే ఇంకో మాట. ఇంత తేడా తెలిసిన భాషకి ఈ పరికరం పేరు దొరకదంటే నేను ఒప్పుకోను.

మీరేమంటారు?

కరీంనగర్ నుంచి ఒక జవాబు
అక్కా, మా దిక్కు చిత్రిక అనం, రందా అంటం. రందా కొడితే వచ్చేది పొట్టు. కానీ గా పొట్టు అన్న మాట కూరగాయకు పెడితే తినబుద్ధి కాదు. పేరు వచ్చిన సరుకును బట్టి పెట్టుండ్రి. మురుకుల గొట్టం అంటం గానీ పిండి ఒత్తే గొట్టం అంటమా?

ఒక విశ్రాంత ఉపాధ్యాయుల జవాబు
అమ్మా, పాఠ్యపుస్తకాల్లో ఈ ఆకారానికి సర్పిలం అనే మంచి మాట ఉంది. సర్పిల కర్తరి అనవచ్చు. అర్థం స్పష్టంగా ఉంటుంది.

నా జవాబు
మాస్టారూ, సర్పిలం నాకూ ఇష్టమే. గెలాక్సీకి బాగా కుదిరింది, లెక్కల క్లాసులోనూ కుదిరింది. కానీ కర్తరి అంటే కత్తెర, రెండు అలుగులు కలిసి కోసేది. ఇందులో కత్తి కదలదు, కూరగాయే తిరుగుతుంది. పైగా బజారుకెళ్లి మా అమ్మ "సర్పిల కర్తరి ఉందా బాబూ" అని అడగదు. అడగని పేరు బతకదని నా భయం.

తమ్ముడూ, నువ్వన్నది నాకు బాగా పట్టుకుంది. మురుకు అనే మాట కూడా తమిళంలో మెలి తిప్పడం అనే మాట నుంచి వచ్చిందే. వచ్చిన సరుకు పేరు తీగ అనుకుందాం. దాన్ని తీసేది పీట కాదు. కత్తిపీట మీద కాలు వేసి కూర్చుంటాం, ఇక్కడ పిడి తిప్పుతాం. తిప్పితే పనిచేసేదానికి మనకి పాత మాటే ఉంది: మర. పిండిమరలో మర అంటే యంత్రం. మరమేకులో, మరచెంబులో మర అంటే ఆ మెలి తిరిగిన గాడి. అంటే స్పైరలూ యంత్రమూ రెండూ ఒక్క రెండక్షరాల మాటలో ఎప్పటినుంచో ఉన్నాయి. మనం సంస్కృతం దాకా వెళ్లనవసరం లేదు.

అందుకని నా ఓటు "తీగమర"కి. "ముల్లంగి తీగమరలో తీసి చల్లటి నీళ్లలో వెయ్యి" అని చెప్పి చూడండి, నోట్లో ఎక్కడా అడ్డం పడదు. చల్లటి నీళ్లు ఎందుకంటే, అందులో కాసేపు ఉంచితే పోగులు బిగిసి కరకరలాడతాయి. ఈ మర ముల్లంగిని చుట్టూతా కోస్తుంది కాబట్టి పీచుకి అడ్డంగా తెగి పోగులు మెత్తగా, వంకీలుగా వస్తాయి. పీచు వెంట నిలువుగా తరిగిన కెన్ అయితే నిటారుగా నిలబడుతుంది. చేప పక్కన దాన్ని గుట్టగా నిలబెడతారు. నేను మాత్రం వంకీల పోగుల్లో నిమ్మరసం పిండి, ఆవాలు, ఎండుమిర్చి పోపు పెట్టాను. ఆదరువుగా బ్రహ్మాండంగా కుదిరింది.

అమ్మకి తీగమర అని చెప్పాను. "బాగుందే" అంది. నిన్న ఫోన్లో మళ్లీ, "సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ గిరగిర నాక్కూడా ఒకటి పట్రా" అంది. కప్పాబషి పెద్దాయన మాట ఆవిడ వినలేదు, నేనూ చెప్పలేదు.

ఇంకొక్కటి అడగాలి. చిత్రిక కింద నుంచి లేచే ఆ చెక్క చుట్టల్ని మీ ఊరి వడ్రంగులు ఏమంటారు? పొట్టు కాకుండా వేరే మాట ఎవరికైనా తెలిస్తే ఊరి పేరుతో సహా రాయండి.