హాలు కావాలంటే వాళ్ళ భోజనం, వాళ్ళ డెకరేషనే తీసుకోవాలా?

ఉప్పల్ వాసి

మా అమ్మాయి పెళ్ళి వైశాఖంలో పెట్టుకున్నాం. ఉప్పల్, నాగోల్, ఎల్‌బీనగర్ వైపు హాళ్ళు చాలావరకు చూశాం. నచ్చిన ప్రతిచోటా ఒకటే మాట. హాలు ఇస్తాం, కానీ భోజనాలు, డెకరేషను మా దగ్గరే తీసుకోవాలి. బయటి వంటవాళ్ళకు అనుమతి లేదు. డెకరేటర్‌ను మీరే తెచ్చుకుంటే మాకు రాయల్టీ కట్టాలి. ఒకచోట అడిగిన రాయల్టీ మేము మాట్లాడుకున్న డెకరేషన్ ఖర్చులో దాదాపు సగం ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను, ఇది అన్యాయం. అద్దె కట్టాక ఆ ఒక్కరోజు ఆ చోటు నాది. ఎవరు వండాలో, మండపానికి ఏ పూలు కట్టాలో నిర్ణయించే హక్కు నాకు ఉండాలి. మా వైపు బంధువులకు బగారా అన్నం, మటన్ లేకపోతే పెళ్ళిభోజనం కాదు. వియ్యాలవారిది గుంటూరు వైపు. వాళ్ళకు గుత్తివంకాయ, బూరెలు, ముద్దపప్పు, ఆవకాయ ఉండాలి. హాలువాళ్ళ మెనూ కార్డులో పనీర్ కూరలే నాలుగు రకాలున్నాయి, నూడుల్స్ కౌంటరు ఉంది. బగారా అన్నం అడిగితే వెజ్ పులావ్ పెడతాం, రెండూ ఒకటే కదా అన్నారు. ఆ మాట అన్నవాళ్ళ చేతికి మా ఇంటి విందు ఎలా అప్పగించమంటారు?

ఈ మధ్య పెళ్ళిళ్ళు చేసినవారు, ఈ రంగంలో పనిచేసేవారు చెప్పండి. ఒప్పుకోవాలా, హాలు వదులుకోవాలా?

కొంపల్లి రోడ్డు

నేను ఒక కన్వెన్షన్ హాలులో మేనేజరును. మా వైపు మాట కూడా వినండి.

బయటి వంటవాళ్ళు వెళ్ళిపోయాక వంటశాల ఎలా ఉంటుందో అతిథులకు కనిపించదు. మిగిలిన నూనె, గంజి, జిడ్డు అన్నీ డ్రైనేజీలోకే. ఒకసారి జిడ్డు గడ్డకట్టి, మర్నాటి పెళ్ళివారు వచ్చేసరికి చేతులు కడుక్కునే చోట చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. ఆ పెళ్ళికూతురి తండ్రికి నేనేం సమాధానం చెప్పగలను? డెకరేటర్లు ఇనుప ఫ్రేములను గ్రానైట్ మీద ఈడ్చుకుపోతారు, గోడలకు మేకులు కొడతారు. భోజనంలో తేడా వస్తే ఊరంతా మా హాలు పేరే చెప్పుకుంటుంది, వండినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

రెండోది, ముహూర్తాలు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. వీటికి మౌఢ్యం, అంటే ముహూర్తాలు పెట్టని మూఢం రోజులు, తోడవుతుంది. 2024లో మే, జూన్ నెలలు రెండూ శుక్ర మౌఢ్యంలో పోయాయి, దాని వెనకే ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా హాలు తాళం తీసింది రిసెప్షన్లకూ పుట్టినరోజులకూ మాత్రమే. వాచ్‌మెన్ జీతం, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా మాత్రం ఏ మౌఢ్యానికీ ఆగవు. అద్దె ఒక్కదానితో హాలు నడవదు. భోజనాలు, డెకరేషన్ల మీద వచ్చే ఆదాయంతోనే ఏడాది గడుస్తుంది.

గుడిమల్కాపూర్ పూలు

డెకరేషన్ పని చేస్తాను, ఏ హాలుకూ కట్టుబడిలేను. రాయల్టీ ఎవరు కడతారో చెబుతాను. కాగితం మీద డెకరేటర్ కడతాడు. నిజానికి కట్టేది మీరే. దాన్ని కొటేషన్‌లో కలపని డెకరేటర్‌ను నేను చూడలేదు. మీరు బేరమాడి ధర తగ్గించారనుకోండి, ఆ మేరకు పూలు తగ్గుతాయి.

ఎలా తగ్గుతాయో చూడండి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు తోటల నుంచి బంతి, చామంతి తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరుతాయి. మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్ళోని డెకరేటర్లందరూ అక్కడే ఉంటారు, ధర గంట గంటకూ మారుతుంది. చేతిలో డబ్బు తక్కువైనవాడు ఏం చేస్తాడు? మండపం ముందు స్తంభాలకు తాజా పూలు కడతాడు. వెనక తెరకు గోడౌనులోని ప్లాస్టిక్ పూలు పెడతాడు, వాటి మీద లైటు పడితే ఫొటోలో తేడా తెలియదు. బంతి దండల మధ్య జానెడు ఎడం వదులుతాడు. పదిమంది చేయాల్సిన పనికి ఆరుగురిని తెస్తాడు, పురోహితులు వచ్చి కూర్చున్నా నిచ్చెన వేదిక మీదే ఉంటుంది.

ఉప్పల్ వాసి గారూ, ఇంకొకటి. పెళ్ళివారందరూ ఫోనులో దాచుకున్న ఫొటోలు తెస్తారు. మంచిదే, వాళ్ళకు ఏం కావాలో నాకు తెలుస్తుంది. కానీ ఆ ఫొటోలో మండపం సుమారు పన్నెండు అడుగుల వెడల్పు ఉంటుంది, పగటి వెలుతురులో తోటలోనో కోటలోనో తీసి ఉంటారు. మన హాలు వేదిక నలభై అడుగులు. మిగిలిన ఇరవై ఎనిమిది అడుగుల్లో ఏముంటుందో ఆ ఫొటో చెప్పదు. నిజమైన ఖర్చు అక్కడే. కాబట్టి హాలువాళ్ళ డెకరేటర్‌నైనా, నాలాంటివాణ్ణైనా మొదట అడగవలసింది ఇదే: ఈ వేదిక మీదే మీరు చేసిన పని చూపించండి, అతిథులు ఫోనుతో తీసిన ఫొటో అయితే ఇంకా మంచిది.

హాలువాళ్ళ డెకరేటర్‌కు ఒక సౌకర్యం ఉందని ఒప్పుకుంటాను. సామాను అక్కడే ఉంటుంది, లారీ కిరాయి లేదు, కొలతలు అతనికి కంఠతా వచ్చు. అదే మండపాన్ని రంగు తెర మార్చి నిలబెట్టగలడు. మీకు అది చాలనుకుంటే అతన్నే పెట్టుకోండి.

సికింద్రాబాద్ అత్తమ్మ

మా ఇద్దరు అబ్బాయిల పెళ్ళిళ్ళూ హాలువాళ్ళకే అప్పగించాం, నిశ్చింతగా జరిగాయి. ఎందుకలా చేశామంటే, అంతకుముందు మా అన్నయ్య కూతురి పెళ్ళి చూశాం. ముహూర్తం తెల్లవారుజామున. వంటవాళ్ళు ఒకరు, వడ్డించేవాళ్ళు ఇంకొకరు, గిన్నెలూ గ్యాసూ మరొకరు. అర్ధరాత్రి సిలిండర్లు అయిపోయాయి. వంటవాళ్ళేమో సామానువాళ్ళ బాధ్యత అంటారు, వాళ్ళేమో మాకు చెప్పలేదంటారు. జీలకర్ర బెల్లం వేళకు పీటల మీద ఉండవలసిన మా అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఫోన్లు చేస్తున్నాడు. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

రుచి ఒక పాలు తక్కువైనా పరవాలేదు. ఆడపిల్ల తల్లిదండ్రులు ఆ రాత్రి పిల్ల పక్కన ఉండాలి. ఏదైనా తేడా వస్తే ఒక్క మనిషిని పిలిచి అడిగేలా ఉండాలి. దానికోసం నాలుగు రూపాయలు ఎక్కువైనా నేను ఇస్తాను.

లెక్కల పద్దు

అందరూ ధర గురించి మాట్లాడుతున్నారు, బిల్లు ఎలా రాస్తారో చూడండి. హాలు అద్దె ఒక్కటే బిల్లు చేస్తే జీఎస్టీ 18 శాతం. బయటి క్యాటరర్ విడిగా బిల్లు ఇస్తే దాని మీద 5 శాతం. హాలు, భోజనం కలిపి ఒకే సేవగా ఇస్తే మొత్తం మీద 5 శాతమే. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ళలో మాత్రం 18 శాతం. అంటే అద్దె 4 లక్షలు అనుకుంటే, విడిగా తీసుకున్నప్పుడు దాని మీద పన్ను 72,000, భోజనంతో కలిపి తీసుకుంటే 20,000. కలిపి తీసుకోవడంలో మనకు వచ్చే లాభం ఇది. హాలువాళ్ళు కలిపి తీసుకోమంటూనే అద్దెకు విడి బిల్లు రాసి 18 శాతం వేస్తే ఎందుకని అడగండి.

ఇప్పుడు రెండో పక్క. ఒప్పందంలో 'గ్యారంటీ' అని ఒక అంకె ఉంటుంది. వెయ్యిమందికి గ్యారంటీ రాసి ఏడువందల మంది వస్తే, తినని మూడువందల ప్లేట్లకూ కట్టాలి. ప్లేటు 800 అయితే 2,40,000. పన్నులో మిగిలింది దీని ముందు ఏపాటి? గ్యారంటీని తక్కువకు రాయించుకుని, పైన వచ్చేవాళ్ళకు అదే ధర అని స్పష్టంగా రాయించాలి. వడ్డన మొదలుకాకముందు ప్లేట్ల కట్టలు లెక్కపెట్టి, అయిపోయాక మిగిలినవి లెక్కపెట్టి, రెండు వైపులవారూ సంతకం చేయాలి. దీనికి ఇంట్లో లెక్క తెలిసిన ఇద్దరు కుర్రవాళ్ళు చాలు.

జనరేటరు సంగతి కూడా. డీజిల్ గంటకు ఇంత అని వేస్తారు. హాలు తాళం చేతికి తీసుకోగానే జనరేటరు దగ్గరికి వెళ్ళి, అది ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఫొటో తీయండి. ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ తీయండి. కరెంటు మీటరుకూ ఇదే. శుభ్రం చేసినందుకు ఛార్జీ, నీళ్ళ ట్యాంకరు, వంట గ్యాసు, అదనపు గంటలు అద్దెలో ఉన్నాయా, విడిగానా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి. ముహూర్తం రాత్రి రెండు గంటలకు ఉండి హాలు సమయం పన్నెండింటికి ముగిస్తే అదనపు గంటలకు వాళ్ళు అడిగినంత ఇవ్వవలసిందే.

చిక్కడపల్లి వకీలు

ఉప్పల్ వాసి గారు అన్యాయం అన్నారు. చట్టంలో దీని గురించి ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(41). ఒక వస్తువో సేవో పొందడానికి మరో వస్తువునో సేవనో తీసుకోవడం షరతుగా పెట్టడం నిర్బంధ వాణిజ్య పద్ధతి కిందికి వస్తుంది. దాని మీద ఫిర్యాదు చేయవచ్చు. మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, హాలు ఎక్కడ ఉందన్నది అడ్డు కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ముందు మాట్లాడి చూడాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కానీ ఒక హెచ్చరిక. కేసు వేస్తే గెలిచినట్టే అనుకోవద్దు. హాలు, భోజనం కలిపి మేము ఇచ్చేది ఒకే ప్యాకేజీ అని వాళ్ళు వాదిస్తారు, ఆ వాదనకూ బలం ఉంది. పైగా పెళ్ళికి ముందు కేసు పెట్టి ఆ హాలులోనే పెళ్ళి చేసుకునేవారు ఉండరు. చట్టం మీకు ఎక్కువగా ఉపయోగపడేది బేరం దగ్గర. షరతును నోటితో చెప్పనివ్వకండి, కాగితం మీద రాసివ్వమనండి. రాయడానికి వెనకాడితే అక్కడే మీకు పట్టు దొరుకుతుంది.

ఉప్పల్ వాసి

అందరికీ ధన్యవాదాలు. అత్తమ్మగారూ, మీ అన్నయ్యగారి సంగతి చదివి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ భయం మాకూ ఉంది. కానీ ఆ రాత్రి తప్పు బయటివాళ్ళను తెచ్చుకోవడంలో లేదనిపిస్తోంది. వంట, వడ్డన, గ్యాసు మూడూ ముగ్గురికి ఇవ్వడంలో ఉంది. వాటిని ఒక్కడికే అప్పగించి, ఆ ఒక్కడిని మనమే ఎంచుకుంటే మీరు చెప్పిన నిశ్చింత దొరకదా?

కొంపల్లి రోడ్డు గారూ, మీరు చెప్పిన నష్టాలు నిజమే. దానికి డిపాజిట్ అడగండి, ఇస్తాను. డ్రైనేజీ మూసుకుపోతే, గ్రానైట్ గీరుకుపోతే అందులోంచి కోసుకోండి, ఏమీ కాకపోతే తిరిగి ఇవ్వండి. రాయల్టీ అలాంటిది కాదు. డెకరేటర్ ఒక్క మేకు కొట్టకపోయినా అది తిరిగిరాదు. దేనికి కట్టించుకుంటున్నట్టు?

కొంపల్లి రోడ్డు

సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. రాయల్టీ నష్టాలకు కాదు. ఖాళీగా ఉన్న నెలలకు.

ఉప్పల్ వాసి

అయితే అది అద్దెలో చూపించండి. అద్దె ఇంత అని ముందే చెబితే పది హాళ్ళు పోల్చి చూసుకుంటాం. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, తక్కువ అద్దె చెప్పి పిలుస్తారు, అడ్వాన్సు తీసుకున్నాక మిగతావి ఒక్కొక్కటిగా బయటపడతాయి. అప్పటికి శుభలేఖలు ఛత్తా బజార్‌లో అచ్చుకు వెళ్ళిపోయి ఉంటాయి, హాలు పేరు వాటి మీద ఉంటుంది. ఇంక ఎవరు వెనక్కి తగ్గగలరు? ఆడపిల్ల తండ్రి తొందర మీద వ్యాపారం చేయకూడదని నేను అనేది అందుకే.

కొంపల్లి రోడ్డు

అద్దె పెంచి చెబితే ఫోను దగ్గరే జనం పక్క హాలుకు వెళ్ళిపోతారు. అందరూ ఒకేసారి మారితే తప్ప ఒక్క హాలు మారలేదు. అయినా మీ డిపాజిట్ మాట మా యజమాని దగ్గర పెడతాను. వంట విషయంలో మేము ఇప్పటికే కొంత వదులుతున్నాం. పెళ్ళివారి వంటమనిషి వచ్చి రెండు మూడు వంటకాలు మా వంటశాలలోనే చేసుకోవచ్చు, మిగతాది మాది. బగారా అన్నానికి అలా వచ్చినవాళ్ళు ఉన్నారు. మీరు చూసిన హాలులో కూడా అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. కానీ వేసవి ముహూర్తాలకు ఆలస్యం చేయకండి.

సికింద్రాబాద్ అత్తమ్మ

బాబూ, ఆ వంటమనిషి ముందురోజు రాత్రే వచ్చి వంటశాల చూసుకోవాలని కూడా రాయించుకో. మర్నాడు పొయ్యి ముందు హాలు వంటవాళ్ళతో గొడవ పడితే మళ్ళీ మీ ఆవిడే పరుగెత్తాలి.

చిక్కడపల్లి వకీలు

క్యాటరర్ ఎవరైనా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు బిల్లు మీద ఉందో లేదో చూడండి. హాలువాళ్ళదైనా సరే.

ఉప్పల్ వాసి

రేపు నాగోల్ హాలుకు మళ్ళీ వెళుతున్నాను. మా వంటమనిషి చేసే బగారా అన్నం, మటన్, గుత్తివంకాయ, మిగతాది వాళ్ళది. డెకరేషన్ మాది, రాయల్టీ లేదు, తిరిగిచ్చే డిపాజిట్ ఉంటుంది. గ్యారంటీ ఆరువందలు. ఇవన్నీ కాగితం మీదికి వస్తేనే అడ్వాన్సు. ఒప్పుకోకపోతే హిమాయత్‌నగర్ టీటీడీ కల్యాణ మండపంలో, జీహెచ్ఎంసీ మల్టీపర్పస్ హాళ్ళలో తేదీలు, వంట నియమాలు కనుక్కుంటాను. టీటీడీ మండపం అయితే మటన్ విందు వేరేచోట, వేరే రోజు పెట్టుకోవాలి, దానికి మా అన్నదమ్ములు ఒప్పుకున్నారు. అమ్మాయిని అడిగితే హాలు ఏదైనా సరే, మండపానికి ప్లాస్టిక్ పూలు మాత్రం వద్దంది.

గుడిమల్కాపూర్ పూలు

వెళ్ళినప్పుడు టేపు తీసుకెళ్ళండి. వేదిక వెడల్పు, లోతు, వేదిక నుంచి పైకప్పుకు ఎత్తు, సామాను లోపలికి తెచ్చే తలుపు వెడల్పు రాసుకోండి. ఎన్ని గంటలకు లోపలికి రానిస్తారో కూడా అడగండి. ముందురోజు రాత్రి రానిస్తే తాజా పూలతో చేయవచ్చు. ముహూర్తానికి నాలుగు గంటల ముందు తాళం ఇస్తామంటే ఎవరి వల్లా కాదు.