గుడి తెరిచాక కూడా ఫోన్‌లో పూజ చూడడం సరేనా? బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్ వాళ్ళు చెప్పండి

గోపాల్‌పూర్ గాలి:
యేసుకు స్తోత్రం. మా విచారణలో (ఒక ఫాదర్ కింద ఉండే మా క్యాథలిక్ సంఘంలో) లాక్‌డౌన్ తర్వాత గుడి, అంటే చర్చి, తెరిచి చాలా కాలమైంది, అయినా ఆదివారం పూజకి సగం బెంచీలు ఖాళీ. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడ్డాక అందరం ఫోన్‌లోనే చూశాం, ఆ ఏడు మట్టల ఆదివారం, ఏప్రిల్ 12న పాస్కా (ఈస్టర్) కూడా అలాగే గడిచాయి. అప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు దారి ఉండి కూడా ఇంట్లోనే చూస్తున్నారు. ఇది సరేనా? మా ఇంట్లో దీని మీద ప్రతి శనివారం రాత్రి గొడవే.

పాత పీఠబాలుడు:
సరి కాదు. ఆదివారం పూజలో పాల్గొనాలని శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం 1247లో ఉంది. పూజ చేసే గురువు (ఫాదర్) దొరక్కపోయినా, పెద్ద కారణం వచ్చి వెళ్ళలేకపోయినా ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రార్థన చేసుకోమని 1248లో ఉంది. లాక్‌డౌన్ అలాంటి పెద్ద కారణమే, కాదనను, కానీ అది తీరిపోయింది కదా. 2020 ఆగస్టులో, అప్పుడు వాటికన్‌లో పూజా విధుల శాఖ పెద్దగా ఉన్న కార్డినల్ సారా మేత్రాణులకి (బిషప్పులకి) రాసిన లేఖలో, ఏ ప్రసారమూ గుడిలో స్వయంగా పాల్గొనడానికి సాటి రాదు, దాని బదులు కాదు అని స్పష్టంగా చెప్పారు. పైగా చాలామంది చూసేది లైవ్ కూడా కాదు, పోయిన వారం రికార్డింగ్. ఉల్లిపాయలు తరుగుతూ ఒకరు, మంచం మీద పడుకుని ఒకరు. పూజలో ఫాదర్ చేతి నుంచి అందుకునే దివ్యసత్ప్రసాదం (అప్పం) ఫోన్ ఇవ్వదు.

పర్లాకిమిడి తమ్ముడు:
లైవ్ అయితే చెల్లుతుందా అన్నా? నాకు నైట్ డ్యూటీ దిగేసరికి పది దాటుతుంది.

పాత పీఠబాలుడు:
లైవ్ అయినా చెల్లదు తమ్ముడూ. కానీ నీది డ్యూటీ, వెళ్ళలేకపోవడం నీ తప్పు కాదు, మీ ఫాదర్‌తో మాట్లాడు. నా బాధ వెళ్ళగలిగీ వెళ్ళని వాళ్ళ గురించి. రికార్డింగ్ అయితే అసలు పూజే కాదు.

గేట్ బజార్:
అన్నగారూ, ఉల్లిపాయల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, ముందు కొవ్వొత్తి వెలిగించి, ఉతికిన చీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని మోకాళ్ళ మీద ఉండేది. సరిగ్గా గురువు అప్పం పైకెత్తే చోట సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయేది, తెర మీద చక్రం తిరుగుతుండేది. మేం సరిచేద్దామని చెయ్యి పెట్టబోతే వద్దనేది. బొమ్మ కదిలేదాకా అలా తల వంచుకునే ఉండేది.
2020 జులైలో పోయింది. అప్పుడు కరోనాతో మా గంజాం జిల్లా ఎలా ఉందో మీకు తెలుసు. సూరత్‌లో పనులు మాని తిరిగొచ్చిన వాళ్ళంటే భయం, వీధి చివర వెదుళ్ళు కట్టేశారు. విచారణకి మూడుసార్లు ఫోన్ చేశాం. అవస్థ అభ్యంగనానికి (చావు బ్రతుకుల్లో ఉన్నవాళ్ళకి ఫాదర్ నూనె పూసి చేసే ప్రార్థనకి) ఎవరూ రాలేదు, రాలేని పరిస్థితి అని తర్వాత చెప్పారు. ఆ రాత్రి అమ్మ చేతిలో ఉన్నది సిలువ, ఎదురుగా ఉన్నది ఆ ఫోనే. అది పూజ కాదంటే నేను ఒప్పుకోను.

గుణుపూర్ టీచర్:
అమ్మా, ఒక మాట మీకు చేరాలి. 2020 మార్చి 20న వాటికన్ నుంచి ఒక ఆజ్ఞ వచ్చింది. అభ్యంగనం, ఆఖరి సత్ప్రసాదం అందకుండా పోయేవాళ్ళు బ్రతికినన్నాళ్ళూ ఏదో ఒక ప్రార్థన చేసుకున్న వాళ్ళయి, మనసు దేవుడి వైపు ఉంటే, మరణ సమయంలో పాపాల శిక్షకి పూర్తి పరిహారం శ్రీసభే ఇస్తుందని అందులో ఉంది. చేతిలో సిలువ ఉంటే మంచిదని కూడా ఉంది. మీ అమ్మగారికి ఏ లోటూ జరగలేదు.

గేట్ బజార్:
ఈ మాట ఆ రోజు విచారణ నుంచి ఒక్కరు ఫోన్‌లో చెప్పినా చాలేది టీచరు గారూ.

పాత పీఠబాలుడు:
అమ్మగారి ఆత్మకు శాంతి కలగాలి. ఆవిడని నేను ఒక్క మాట అనలేదు. కానీ అది అప్పటి సంగతి. ఫ్రాన్సిస్ పోపుగారు 2020 ఏప్రిల్ 17న పూజలోనే చెప్పారు, ఇదంతా సొరంగంలోంచి బయటపడడానికే గాని అందులో ఉండిపోవడానికి కాదని. మనం ఉండిపోతున్నాం. లైవ్‌కీ రికార్డింగ్‌కీ తేడా కూడా తెలియకుండా...

గేట్ బజార్:
మళ్ళీ రికార్డింగేనా! ఎన్నిసార్లండీ? వెళ్ళగలిగీ వెళ్ళని వాళ్ళు అన్నారే, వాళ్ళలో నేనూ ఉన్నాను. ఎందుకో వినండి. లాక్‌డౌన్‌కి ముందు నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం మాకు తెలుగు పూజ ఉండేది. గుడి తెరిచాక అది మళ్ళీ మొదలవలేదు. అడిగితే, మీ తెలుగువాళ్ళు ఎంతమంది, మీకు ఒడియా వచ్చు కదా అన్నారు. వచ్చు. బజారులో బేరమాడడానికి వచ్చు, ఏడవడానికి రాదు. అమ్మ ఇన్నేళ్ళూ గుడిలో పెదాలు కదిపేదంతే. ఫోన్‌లో ఆంధ్రా వైపు పూజ వచ్చిన మొదటి ఆదివారం గురువు చెప్పిన ప్రతి మాటకీ గొంతెత్తి జవాబు చెప్పింది. పక్కింటి వాళ్ళు ఏమైందోనని వచ్చారు. ఆ గొంతు మీ గుడిలో నేను ఎప్పుడూ వినలేదు.

పర్లాకిమిడి తమ్ముడు:
మాదీ ఇదే కథ అక్కా.

పాత పీఠబాలుడు:
ఇది ముందే చెప్పి ఉండాల్సింది చెల్లెమ్మా. ‘మీ గుడి’ అంటున్నారు, నేనూ తెలుగువాణ్ణే. మా నాన్న ఉపదేశి (సంఘంలో మతబోధ చేసేవాడు), ఊరూరా నడిచి జపాలు నేర్పిన మనిషి. ఆ తెలుగు పూజకి గంట కొట్టింది నేనే. ఆఖరి ఏడాది వచ్చేది పదకొండు మంది, లెక్కపెట్టి చెబుతున్నాను. అందరూ ఇళ్ళలో కూర్చుంటే ఫాదర్ ఎవరి కోసం తెలుగులో చదవాలి? 2008లో కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల మీద దాడులు జరిగి గుళ్ళు కాలినప్పుడు అడవిలో దాక్కుని, ఆ తర్వాత మన ఊరు చేరిన కుటుంబాలున్నాయి. ఇంట్లో కుయి అనే ఆదివాసీ భాష మాట్లాడతారు. వాళ్ళ భాషలోనూ ఇక్కడ పూజ లేదు, అయినా ముందు బెంచీ వాళ్ళదే.

గేట్ బజార్:
వాళ్ళకీ ఉండాలంటాను. ప్రజల భాషలో పూజ చేసుకోవచ్చని 1963లో రెండో వాటికన్ మహాసభ చెప్పింది మాకొక్కరికే కాదు కదా. ఇక ఆ పదకొండు మందిలో ఇద్దరం మేమే, అమ్మా నేనూ, స్తంభం పక్కన. మీరు గంట కొడుతూ వెనక్కి చూసి ఉండరు.

గోపాల్‌పూర్ గాలి:
నేను అడిగింది ఒకటి, తేలింది ఇంకొకటి. 2013 అక్టోబర్ 12 శనివారం రాత్రి ఫైలిన్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. మర్నాడు ఆదివారం. మా గుడికి రేకులు లేవు, బెంచీలు తడి, కరెంటు లేదు, మైకు లేదు. ఫాదర్ సగం తెలుగు, సగం ఒడియా కలిపి పూజ చేశారు. నోలియాల (జాలర్ల) వీధి నుంచి క్రైస్తవులు కాని వాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ రోజు ఎవరెంతమంది అని ఎవరూ లెక్కపెట్టలేదు.

పాత పీఠబాలుడు:
చెల్లెమ్మా, స్తంభం పక్కన తెల్ల చీర, చేతిలో పాత పాటల పుస్తకం, అట్టకి గుడ్డ కుట్టినది. ఆవిడేనా? పేరు తెలియదు గాని మొహం గుర్తొచ్చింది. తెలుగు పూజ కావాలని ఒక కాగితం రాద్దాం, నేనే తీసుకెళ్ళి ఫాదర్ చేతికిస్తాను. రికార్డింగ్ విషయంలో నా మాట మాత్రం మారదు.

గేట్ బజార్:
ఆవిడే. ఆ గుడ్డ నేనే కుట్టాను. మా ఇంట్లో అయిదుగురం, పేర్లు రాసుకోండి. వచ్చే ఆదివారం పూజకి వస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను.